పదిహేను వేలకి ఆరు ఆల్బమ్‌లూ ఇచ్చేయమంటారా?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. మామగారు రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. చదువుకునే రోజుల నుంచీ ఆయన పోగుచేసిన స్టాంపులు ఆరు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్ర వేసినవి) నాలుగు వందల దాకా ఉంటాయి. ఒక రేకు డబ్బాలో పాత నాణేలు కూడా ఉన్నాయి. ఆయనకిప్పుడు 86 ఏళ్లు, చూపు బాగా తగ్గింది. ‘ఇంక నేను చూసుకోలేనమ్మా, నువ్వే అమ్మేయి’ అని నాకు అప్పగించారు. ఒక వ్యాపారి వచ్చి గంటసేపు తిరగేసి, మొత్తం కలిపి పదిహేను వేలు ఇస్తానన్నారు. ఆన్‌లైన్ వేలంలో పెడితే ఇంతకన్నా వస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. నాకు స్టాంపుల గురించి ఏమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ఇప్పుడే ఇవ్వకండి. అలాగని ఆ వ్యాపారిని మోసగాడనీ అనుకోకండి. ఆరు ఆల్బమ్‌లూ ఒకేసారి కొనేవాళ్లు అందులో ఏళ్ల తరబడి అమ్ముడుపోని సరుకుని కూడా కొంటారు, ఆ భారానికి తగ్గట్టే ధర చెబుతారు. అసలు చిక్కు ఏమిటంటే, ఆ పదిహేను వేలు తక్కువో ఎక్కువో చెప్పడానికి మీ దగ్గర ఆధారమేమీ లేదు. ముందు అది సంపాదించండి. మామూలుగా ఇలాంటి సేకరణల్లో విలువంతా కొద్ది పేజీల్లోనే ఉంటుంది. ఆ పేజీలేవో తెలుసుకుని వాటిని వేలంలో పెట్టి, మిగతాది అదే వ్యాపారికి టోకున ఇచ్చినా తప్పులేదు.

మొదటి రెండు వారాలు అమ్మకం ఊసే వద్దు. చేయాల్సింది వేరుచేయడం. కొనాల్సినవి మూడే: కొన చదునుగా ఉండే ట్వీజర్స్, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, రూళ్ల నోట్‌బుక్కు. స్టాంపుని వేళ్లతో పట్టుకోవద్దు. చెన్నై చెమటకి మింట్ (అంటే వాడని) స్టాంపు వెనక జిగురు మీద వేలిముద్ర పడిందంటే అది ఇక పోదు. ఫ్యాను కట్టేసి, పొడి గుడ్డ పరిచిన బల్ల మీద, ఒకసారికి ఒక ఆల్బమే తెరవండి.

వేరుచేసేటప్పుడు మూడు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి: 1947, 1957, 1970. స్వతంత్ర భారతం తొలి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చింది: మూడున్నర అణాలది, జెండా బొమ్మ, మీద ‘జైహింద్’. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అంటే అణాల్లో విలువ ఉన్న స్టాంపులన్నీ 1957కి ముందువి. వాటిని ఒక దొంతర చేయండి, మీ సమయం ఎక్కువగా దాని మీదే పెట్టాలి. 1957 నుంచి 1970 దాకా రెండో దొంతర. 1970 తరువాతివి మూడోది, అన్నిటికన్నా పెద్దది ఇదే. ఈ కాలపు స్మారక స్టాంపులు లక్షల్లో అచ్చయ్యాయి, ఇళ్లలో పెట్టెలకొద్దీ ఉన్నాయి, కాబట్టి విడివిడిగా అమ్మితే పోస్టు ఖర్చు కూడా రాదు. వీటిలో కూడా పక్కకి తీయాల్సినవి ఉంటాయి. స్టాంపుల్ని ఒకే కాగితం మీద కలిపి అచ్చేసిన మినియేచర్ షీట్లు (మన దేశంలో మొదటిది 1973 ఇండిపెక్స్ స్టాంపుల ప్రదర్శనకి వచ్చింది), నాలుగు స్టాంపులు విడదీయకుండా ఉన్న బ్లాకులు, 2006లో వచ్చిన గంధం వాసన స్టాంపు, 2011లో ఖద్దరు మీద అచ్చేసిన గాంధీ స్టాంపు కనబడితే విడిగా పెట్టండి.

గాంధీ అంటే ఇంకో మాట. 1948 ఆగస్టు 15న నాలుగు గాంధీ స్టాంపులు వచ్చాయి: ఒకటిన్నర అణాలు, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే అనే సంస్థ అచ్చు వేసింది. పది రూపాయలది మీ ఆల్బమ్‌లో ఉంటే మొత్తం సేకరణలో అదే ఖరీదైన ముక్క కావచ్చు, పచ్చి నకిలీ కూడా కావచ్చు. ఈ స్టాంపుకి ఉన్నన్ని నకిలీలు మన దేశంలో మరి దేనికీ లేవన్నా అతిశయోక్తి కాదు. భూతద్దం పెట్టి ముఖం మీద నీడలు పడ్డ చోట చూడండి. అసలుది ఫొటోగ్రావ్యూర్ అచ్చు కాబట్టి రంగు ఒకే తీరుగా, చాలా సన్నని నేతలా కనిపిస్తుంది. ఎరుపు, పసుపు, నీలం చుక్కలు కలగలిసి పువ్వు రేకుల్లా కనిపిస్తే అది ఈ మధ్య యంత్రం మీద తీసిన నకలు. అంచు పళ్లు కూడా లెక్క ప్రకారం ఉండాలి: రెండు సెంటీమీటర్ల పొడవులో పదకొండున్నర. ఈ పరీక్షలు దాటినా నిపుణుల సర్టిఫికెట్ లేకుండా దాన్ని ‘అసలుది’ అని వేలంలో పెట్టొద్దు. సర్టిఫికెట్‌కి పెట్టిన డబ్బు వేలంపాటలోనే తిరిగొస్తుంది.

ఒకే బొమ్మ రెండు ధరలు పలకడం కూడా ఉంటుంది. 1957లో వచ్చిన భారతదేశం మ్యాపు స్టాంపుల కాగితంలో నక్షత్రాల నీటిగుర్తు ఉంది. 1958 నుంచి వచ్చినవాటిలో అశోక స్తంభం గుర్తు ఉంది. ముందువైపు చూస్తే రెండూ ఒకటే. స్టాంపుని నల్ల కాగితం మీద బోర్లించి, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పెట్రోలు, లైటర్ ద్రవం లాంటివి పోసి చూడమని కొందరంటారు. కొన్ని సిరాలు కరిగిపోతాయి, మీరు మాత్రం చేయకండి.

ఇక చేయకూడనివి. పాత కవరు మీద అంటించిన స్టాంపుని నీళ్లలో నానబెట్టి ఊడదీయొద్దు. కవరూ, దాని మీద పోస్టాఫీసు ముద్రా, స్టాంపూ మూడూ కలిసి ఉన్నప్పుడే చాలాసార్లు ఎక్కువ పలుకుతాయి. పేజీకి అతుక్కుపోయిన మింట్ స్టాంపుని తడిపి లాగొద్దు. జిగురు పోతే ధరలో పెద్ద భాగం పోయినట్టే. వెనక చిన్న కాగితపు ముక్క అంటించి ఉంటే దాన్ని ‘హింజ్’ అంటారు, అలాగే ఉంచి వివరంలో రాయండి. గోధుమరంగు చుక్కలు మాత్రం తప్పకుండా చూడాలి. చెన్నై గాలిలో తేమకి, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి, కాగితం మీద బూజు పట్టి తుప్పు మచ్చలు పడతాయి. సేకర్తలు దీన్ని ‘రస్ట్’ అంటారు. ఇది పక్క స్టాంపుకి పాకుతుంది. మచ్చ ఉన్నవాటిని వేరే కవర్లలో పెట్టండి, ఆల్బమ్‌లని బీరువాలో నిలువుగా నిలబెట్టి సిలికా జెల్ సంచులు వేయండి. బ్లీచింగ్‌తో మచ్చ తీయడం, లామినేషన్ చేయించడం సేకరణని చేతులారా పాడుచేసుకోవడమే.

ధర సంగతి. స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగు చూసి ఆశ పెంచుకోకండి. అందులో ఉండేది మంచి స్థితిలో ఉన్న స్టాంపుని దుకాణదారు అమ్మే ధర. మీకు వచ్చేది అందులో కొంత భాగమే. వేలం సైట్లలో ‘అమ్ముడైనవి’ అన్న వడపోత ఉంటుంది. అడుగుతున్న ధర కాదు, నిజంగా అమ్ముడైన ధరే చూడండి. కనీసం ఐదు అమ్మకాలు చూసి, పైదీ కిందిదీ వదిలేసి మధ్యలోది నోట్‌బుక్కులో రాసుకోండి. అణ్ణాసాలై హెడ్ పోస్టాఫీసులో స్టాంపు సేకర్తల కోసం ఫిలాటెలిక్ బ్యూరో ఉంది. చెన్నైలోనే సౌత్ ఇండియా ఫిలాటెలిస్ట్స్ అసోసియేషన్ అనే పాత సంఘమూ ఉంది. సంఘం సభ్యులకి పేజీల ఫొటోలు చూపిస్తే గంటలో మీకు నెల పని తగ్గుతుంది. ఆల్బమ్ మాత్రం ఎవరి ఇంటికీ పంపకండి, మీ ముందే చూడమనండి.

వేలం ఎక్కడ? ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు మన దేశంలో చిన్న లాట్ల (ఒకటిగా పాటకి పెట్టే స్టాంపుల) పాటలు ఎక్కువగా సేకర్తల ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో జరుగుతాయి. బిడ్‌క్యూరియోస్ లాంటి మన సైట్లూ ఉన్నాయి. కొత్తవాళ్లకి గ్రూపే మంచిది, ఎందుకంటే అక్కడ నియమాలు చూస్తూ నేర్చుకోవచ్చు. ఒక నెల అమ్మకుండా గమనించండి, రెండు మూడు చిన్న లాట్లు కొనండి కూడా. వంద, రెండు వందలు పెట్టి కొంటే ప్యాకింగ్ ఎలా చేస్తారో, డబ్బు ఎప్పుడు అడుగుతారో చేతికొచ్చి తెలుస్తుంది. పైగా మీ పేరు నలుగురికీ కనబడుతుంది. ఇక్కడ కొత్తపేరుకి పాట తక్కువ, అందుకే మీ దగ్గరున్న మంచివి మొదట్లోనే పెట్టకూడదు. మొదటి ఇరవై లాట్లు రెండు వందల నుంచి ఐదు వందల లోపువే ఉండాలి.

చిల్లర స్టాంపుల్ని విషయం వారీగా కట్టలు కట్టండి. మామగారు ఐసీఎఫ్ మనిషి కాబట్టి రైలు స్టాంపులు ఉండే అవకాశం ఎక్కువ: 1953 రైల్వే శతాబ్ది స్టాంపు, 1976లో వచ్చిన నాలుగు ఇంజన్ల సెట్టు. రైలు, పక్షులు, సంగీతం, గాంధీ, ఇలా ఒక్కో విషయానికే సేకరించేవాళ్లు దేశమంతా ఉన్నారు. తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక కట్ట కట్టొచ్చు: 1961 త్యాగరాజు, 1974 కందుకూరి వీరేశలింగం, 1986 అల్లూరి సీతారామరాజు, 2000 ఎన్టీఆర్, 2003 ఘంటసాల. విడిగా చూస్తే మామూలు స్టాంపులే, ఒక్కచోట పెడితే కొనేవాళ్లు వేరు.

లాట్ వివరం ఎలా రాయాలో ఒకటి చూడండి:

‘1976 రైలు ఇంజన్లు, నాలుగు స్టాంపుల పూర్తి సెట్టు, మింట్, హింజ్ లేదు. రూపాయి స్టాంపు వెనక కుడి మూల చిన్న తుప్పు మచ్చ ఉంది, రెండో ఫొటో చూడండి. మిగతా మూడూ శుభ్రం. ఒక్కో పాటకి కనీస పెంపు రూ. 10. ముగింపు ఆదివారం రాత్రి 9.30. చివరి ఐదు నిమిషాల్లో పాట వస్తే మరో ఐదు నిమిషాలు పొడిగింపు. పోస్టు రూ. 75 అదనం. డబ్బు మూడు రోజుల్లో.’

‘అరుదైన పాత స్టాంపులు, సూపర్ కండిషన్, త్వరపడండి’ అని రాస్తే తెలిసినవాడు పక్కకి తప్పుకుంటాడు. ఆ మచ్చ గురించి మీరే రాస్తే కొంత తక్కువ రావచ్చు. రాయకపోతే సెట్టు వెనక్కొస్తుంది, ఆ మాట గ్రూపంతా పాకుతుంది. పొడిగింపు నియమం ఎందుకంటే, గడియారం చూసుకుని ఆఖరి సెకనులో పాట పెట్టి ఎగరేసుకుపోవడం గ్రూపుల్లో మామూలు. పాట కామెంటుగా పెడతారు కాబట్టి, తరువాత దిద్దిన కామెంటు చెల్లదని కూడా ముందే రాయండి. ముగింపు సమయంలో వచ్చిన పాటలన్నిటికీ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఫొటో కన్నా స్కానర్ మేలు. నల్ల కాగితం మీద పరిచి 600 డీపీఐలో ముందూ వెనకా స్కాన్ చేయండి. నల్ల నేపథ్యం మీదైతే విరిగిన అంచు పన్ను వెంటనే కనబడుతుంది, కొనేవాడు వెదికేది అదే. ఫోనుతోనే తీయాల్సివస్తే పొద్దున్నే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, నిటారుగా పైనుంచి తీయండి. రంగు దిద్దొద్దు.

ఆరంభ ధర దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువ నష్టపోతారు. ఒక్క రూపాయి నుంచి మొదలుపెడితే పాట దానంతటదే పైకి పోతుందని ఎవరో చెబుతారు. కనీసం ఇద్దరు గట్టిగా కోరుకుంటేనే అది నిజమవుతుంది. రెండు వందల మంది ఉన్న గ్రూపులో ఆ రాత్రి మీ లాట్ చూసేది పదిహేను మంది అయితే, వాళ్లలో ఒక్కరికే అది కావాలంటే, రూపాయికే పోతుంది. ఒప్పుకున్నాక ఇవ్వాల్సిందే. అందుకే మీకు కడుపుమంట లేని అతి తక్కువ ధర ఎంతో ముందు నిర్ణయించుకుని అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ధర పెంచడానికి మీ అబ్బాయి చేతో, చుట్టాల చేతో పాట పెట్టించడం మాత్రం వద్దు. అది మోసం, దొరికితే గ్రూపులోంచి తీసేస్తారు.

పోస్టు లెక్క కూడా ముందే వేసుకోవాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. అదే ఏడు అక్టోబరు 1న మారిన రేట్ల ప్రకారం 50 గ్రాముల లోపు కవరు ఊళ్లోనే అయితే రూ. 19, బయటి ఊరికి రూ. 47, దాని మీద జీఎస్టీ 18 శాతం. పేరున్న మనిషికే చేరేలా రిజిస్ట్రేషన్ కావాలంటే మరో రూ. 5, దాని మీదా జీఎస్టీ. అంటే బయటి ఊరికి దాదాపు 61 రూపాయలు. కవరు, అట్టలు, గ్లాసీన్ (నున్నని పల్చటి కాగితం) సంచి కలిపి మరో పన్నెండు, పదిహేను. నూట ఇరవైకి అమ్మిన లాట్‌కి ఇదంతా మీరే పెట్టుకుంటే చేతికొచ్చేది నలభై అయిదు. అందుకే పోస్టు విడిగా అడగాలి, చిన్నవాటిని కలిపి అమ్మాలి. అట్టలు మందమైతే 50 గ్రాములు దాటి పై రేటు పడుతుంది కాబట్టి వంటింటి త్రాసులో తూచుకున్నాకే పోస్టు ధర ప్రకటించండి.

ప్యాకింగ్ ఇలా. స్టాంపులు గ్లాసీన్ సంచిలో, ఆ సంచి ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో. దానికన్నా అన్ని వైపులా ఒక సెంటీమీటరు పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, అట్టల అంచులకి మాత్రమే టేపు వేయండి. టేపు చివర కొంచెం మడిచి చెవిలా వదలండి. అది లేకపోతే కొన్నవాడు కత్తెర పెడతాడు, కత్తెర స్టాంపు అంచు మీద పడుతుంది. స్టేపులర్ వద్దు. కవరు మీద ‘అరుదైన స్టాంపులు’ అని రాయొద్దు. ప్యాక్ చేసేటప్పుడు లోపలి సరుకూ పైన చిరునామా కనబడేలా ఒక నిమిషం వీడియో తీయండి. ఈ సామానంతా చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో, కాగితాల దుకాణాల్లో టోకున చవగ్గా దొరుకుతుంది.

డబ్బు మీ బ్యాంకు ఖాతాలో కనబడ్డాకే కవరు అతికించండి. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. ‘పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగివ్వండి’ అన్న ఫోను వస్తే ఖాతా చూడకుండా కదలకండి. గెలిచినవాడు మూడు రోజుల్లో కట్టకపోతే ఒకసారి గుర్తుచేసి, ఆ తరువాత రెండో పాటదారుకి ఆయన చెప్పిన ధరకే అడగండి.

రేకు డబ్బా సంగతి వేరు. నాణేల్ని చింతపండుతో గానీ, పౌడరుతో గానీ తోమొద్దు. మెరుపు వస్తుంది, ధర పోతుంది. ఐదో జార్జి వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అంటే దాదాపు 10.7 గ్రాముల వెండి విలువకన్నా తక్కువకి ఎవరికీ ఇవ్వొద్దు. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది, 1947 రూపాయి నికెల్. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు, దాన్ని విదేశాలకి పంపకూడదు. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. అందుకే మొదటి ఏడాది ఆ డబ్బా జోలికి పోవద్దు. ‘వైష్ణోదేవి బొమ్మ నాణేనికి పది లక్షలు’, ‘ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలు’ అన్న వీడియోలు చూసి ఫోన్ చేస్తే, రిజిస్ట్రేషన్‌కి ముందు డబ్బు కట్టమంటారు. తన పేరు వాడుకుని ఇలా కమిషన్లు అడుగుతున్నారని, తాను ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది.

విదేశీ పాట ఇప్పుడే వద్దు. ఈబే అంతర్జాతీయ సైటులో ఇక్కణ్ణుంచి అమ్మాలంటే ఐఈసీ అనే ఎగుమతి-దిగుమతి కోడ్ నంబరు (ఫీజు రూ. 500), విదేశీ డబ్బు అందుకునే పయనీర్ ఖాతా, పోస్టు ద్వారా ఎగుమతి కాగితాలు కావాలి. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపు కూడా ఎత్తేసింది. ఇంట్లో ఉన్న సేకరణ అమ్ముకోవడం వేరు, కొని మళ్లీ అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం. ఆ దశకి వస్తే ముందు ఆడిటర్ని కలవండి.

ఆ వ్యాపారికి ‘రెండు నెలలు ఆగండి, మిగిలినవి మీకే చూపిస్తాను’ అని చెప్పండి. నిజంగా కొనాలని ఉన్నవారైతే ఆగుతారు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంట్లోనే ఉంది. మామగారికి చూపు తగ్గిందన్నారు, జ్ఞాపకం తగ్గిందనలేదు. ఒక్కో ఆల్బమ్ పక్కన పెట్టుకుని, పేజీలో ఏముందో మీరు చదివి చెప్పండి, ఎక్కడ దొరికిందో ఎవరిచ్చారో ఆయన చెబుతారు. ఫోన్‌లో రికార్డు చేయండి. ఆయన పేరున వచ్చిన కవర్ల మీద ఇంటి చిరునామా ఉంటే స్కాన్‌లో అది కప్పండి. ఏ పేజీలు ఎవరికీ ఇవ్వొద్దనుకుంటున్నారో కూడా అడగండి. వాటిని ఆల్బమ్‌లోంచి తీసి, సిలికా జెల్ సంచి వేసి, ఆయన చేతికే ఇవ్వండి.